గొంతు ఆపరేషన్ తరువాత కాల్షియము: ఇది సత్తువ మాత్ర కాదు

(సొసైటీ వార్షిక సభలో ఒక సర్జను చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సభలో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకుంటాము. ఈసారి ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరినారు. షుగరు గురించో, బి.పి. గురించో చెబుతానని మీరు అనుకొని వుంటారు. వాటిని గూర్చి చెప్పేవారు చాలామంది వున్నారు. నేను ఎక్కువమంది చెప్పని చిన్న సంగతి ఒకటి ఎత్తుకుంటాను. చిన్నదే గాని, తెలియకపోతే ప్రాణము మీదికి వస్తుంది. గొంతులోని థైరాయిడ్ గ్రంథికి ఆపరేషన్ అయిన తరువాత రక్తములో కాల్షియము పడిపోవుట అనేదే ఆ సంగతి.

శాస్త్రము తరువాత చెబుతాను. ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ క్రిందటి మాట. ముప్పై అయిదేళ్ళ సోదరి, ముగ్గురు బిడ్డల తల్లి. గొంతులో గడ్డ బాగా పెరిగి, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడని స్థితి వచ్చింది. థైరాయిడ్ గ్రంథి మొత్తము తీసివేశాను. ఆపరేషన్ బాగా జరిగింది. గొంతు పోలేదు, రక్తము కారలేదు, కుట్టు చక్కగా వున్నది. రెండవ రోజు ఉదయము నేను వార్డులోకి వెళ్ళినప్పుడు ఆమె అన్నది: "డాక్టర్ సాబ్, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుంది." నేనేమన్నానో తెలుసునా? "మత్తు ఇచ్చాము గదమ్మా, తగ్గిపోతుందిలే" అన్నాను. ఆ సాయంత్రమే ఇంటికి పంపించాను. మందుల చీటీలో అయిదు రకాలు వ్రాశాను. కాల్షియము మాత్రలు అన్నింటికన్నా క్రింద వున్నాయి. అవి ఎందుకో నేను చెప్పలేదు, వారు అడుగలేదు.

భర్త మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడు. ఆపరేషన్‌కే అప్పు చేశాడు. మందుల షాపు దగ్గర డబ్బు చాలలేదు. పుండు మానే మాత్రలు, నొప్పి మాత్రలు, థైరాయిడ్ మాత్రలు కొన్నాడు. "కాల్షియం అంటే సత్తువ మాత్రలే గదా, కూలి డబ్బులు చేతికొచ్చాక కొందాం" అనుకున్నాడు. ఆయనను తప్పుపట్టలేను. మనమందరమూ అలాగే అనుకుంటాము. అత్తగారు మంచి మనిషి. కోడలు నీరసపడిందని రెండు పూటలా పాయా షోర్బా కాచి త్రాగించింది.

మూడవ రోజు చేతివేళ్ళు, కాలివేళ్ళు తిమ్మిరెక్కాయి. నీరసము అన్నారు. నాల్గవ రోజు రాత్రి పిక్కలు పట్టేశాయి. చేతులు కొంకర్లు పోయాయి. బొటనవేలు అరచేతిలోకి మడుచుకొని, మిగిలిన వేళ్ళు కర్రల్లాగా బిగుసుకొన్నాయి. ఒకరు గాలి సోకిందన్నారు. ఒకరు నరాల జబ్బు అన్నారు. తావీదు కోసము ఒకరు, ఆర్.ఎం.పి. కోసము ఒకరు పరుగెత్తారు. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చిన తరువాతనే ఆమెను ఆస్పత్రికి తెచ్చారు.

అక్కడ వున్నది కొత్తగా వచ్చిన డ్యూటీ డాక్టరు. ఆమె మెడ చుట్టూ దుపట్టా వున్నది. గొంతు ఆపరేషన్ అయినదని కంగారులో ఎవరూ చెప్పలేదు. మూర్ఛరోగమేమో అనుకొని ఆ మందులు సిద్ధము చేస్తున్నారు. ఇంతలో నర్సమ్మ బి.పి. చూడటానికి జబ్బకు పట్టీ చుట్టి గాలి ఎక్కించింది. కాసేపటికి ఆ చెయ్యి అందరి కళ్ళముందే మళ్ళీ కొంకర పోయింది. ఆ నర్సమ్మ అనుభవము గలది. "ఈమెకు గొంతు ఆపరేషన్ ఏమైనా అయిందా?" అని అడిగి, దుపట్టా ప్రక్కకు తీసి చూసింది. తాజా కుట్టు కనిపించింది. వెంటనే రక్తము పరీక్షకు పంపి, గుండె కొట్టుకోవడమును మిషనులో చూస్తూ, కాల్షియము గ్లూకోనేట్ మందును నరము ద్వారా నెమ్మదిగా ఎక్కించారు. చూస్తుండగానే వేళ్ళు విడివడ్డాయి.

అల్‌హమ్దులిల్లాహ్, ఆమె బ్రతికింది. వారము తరువాత నా దగ్గరకు వచ్చి కోపము లేకుండానే ఒక మాట అన్నది. "మా ఇంట్లోవాళ్ళకు తెలియదు సాబ్, వాళ్ళను నేనేమీ అనను. మీకు తెలుసు గదా. మీకు చెప్పాను గదా."

ఆ మాట నేను మరువలేదు. ఈనాటి ఈ ప్రసంగము ఆ మాటకు నేనిచ్చే జవాబు అనుకోండి.

ఇక ఇది ఎందుకు జరుగుతుందో చూద్దాము. మెడ ముందు భాగములో, గొంతు గంటెకు క్రిందుగా, సీతాకోకచిలుక రెక్కలు చాపినట్టు వుండేది థైరాయిడ్ గ్రంథి. దానికి వెనుక భాగాన, ప్రక్కకు రెండు చొప్పున, సాధారణముగా నాలుగు చిన్న గ్రంథులు అతుక్కొని వుంటాయి. వాటిని పారాథైరాయిడ్ గ్రంథులు అంటారు. ఒక్కొక్కటి కందిపప్పు బద్దంత వుంటుంది. పేరులో థైరాయిడ్ వున్నదిగాని వీటి పని వేరు. రక్తములోని కాల్షియమును చూసుకోవడమే వీటి ఉద్యోగము.

మన సొసైటీకి కోశాధికారి గారు వున్నట్టే, శరీరములోని కాల్షియమునకు ఈ గ్రంథులు కోశాధికారులు. శరీరములోని కాల్షియములో నూటికి 99 వంతులు ఎముకలలో వుంటుంది. అది బ్యాంకు డిపాజిట్టు. రక్తములో తిరిగేది చేతి ఖర్చు మాత్రమే. రక్తములో 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల వరకు వుండవలెను. అది తగ్గగానే ఈ గ్రంథులు ఒక హార్మోనును వదులుతాయి. ఆ హార్మోను మూడు పనులు చేస్తుంది. ఎముకల డిపాజిట్టు నుండి కొంత బయటికి తీయిస్తుంది. మూత్రపిండాలలో వృథా ఖర్చు ఆపిస్తుంది. విటమిన్ డి ని పనిచేసే రూపములోకి మార్పించి, తిన్న తిండి నుండి కాల్షియమును పేగుల ద్వారా వసూలు చేయిస్తుంది. కోశాధికారి మంచము పడితే బ్యాంకులో ఎంత వున్నా చేతికి పైసా రాదు గదా. ఇక్కడా అంతే.

రక్తములోని కాల్షియము మన నరాలకు కళ్ళెము వంటిది. అది తగ్గితే నరాలు అదుపు తప్పి, ఎవరూ అడగకుండానే కండరాలను బిగిస్తాయి. అందుకే ముందు పెదవుల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి. తరువాత కండరాలు పట్టుకొనుట, చేతులు కొంకర్లు పోవుట. ఇంకా తగ్గితే స్వరపేటిక బిగుసుకొని ఊపిరి ఆడకపోవుట, ఫిట్స్, గుండె లయ తప్పుట.

సర్జను ఎంత జాగ్రత్తగా చేసినా ఇది రావచ్చును. ఆ గ్రంథులు చాలా చిన్నవి, వాటికి రక్తము తెచ్చే నాళాలు ఇంకా సన్నవి. థైరాయిడ్‌ను విడదీసేటప్పుడు ఆ నాళాలు నలిగితే గ్రంథులు కొన్నాళ్ళు సొమ్మసిల్లుతాయి. ఒక్కొక్కసారి గడ్డతోపాటే అవి కూడా బయటికి వచ్చేస్తాయి. అది ఆపరేషన్ బల్ల దగ్గరే కనిపెడితే, ఆ గ్రంథిని సన్నని ముక్కలుగా చేసి మెడ కండరములోనే నాటడము కూడా వున్నది.

ఈ జ్ఞానము వైద్యులకు సులభముగా రాలేదు. ఈ గ్రంథులను మొదట గమనించి వ్రాసినది ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు. లండన్ జంతుశాలలో చనిపోయిన మన భారతదేశపు ఖడ్గమృగమును కోసి చూసినప్పుడు 1850 ప్రాంతములో వీటిని గురించి వ్రాశాడు. మనిషిలో వీటిని వివరించినది స్వీడన్ దేశపు వైద్య విద్యార్థి ఐవార్ సాండ్‌స్ట్రోమ్, 1880 లో. ఆ రోజులలోనే వియన్నాలో బిల్‌రోత్ అనే పెద్ద సర్జను దగ్గర థైరాయిడ్ పూర్తిగా తీసిన రోగులలో కొందరికి చేతులు కొంకర్లు పోయి ఫిట్స్ వచ్చాయి. కారణము ఎవరికీ అంతుపట్టలేదు. 1909 లో అమెరికాలో మెక్‌కాలమ్, వోగ్ట్‌లిన్ అనే ఇద్దరు, ఇది రక్తములో కాల్షియము తగ్గడము వలననే అనీ, కాల్షియము ఇస్తే తగ్గుతుందనీ నిరూపించారు. జబ్బను బిగించి నొక్కితే చెయ్యి కొంకర పోయే గుర్తును ఫ్రాన్సు వైద్యుడు ట్రూసో 1861 లోనే చెప్పి వున్నాడు. ఆ నర్సమ్మ పట్టుకున్నది ఆ గుర్తునే.

ఇది ఎంతమందికి వస్తుంది? థైరాయిడ్ మొత్తము తీసినవారిలో నూటికి ఇరవై నుండి ముప్పై మందికి కొద్దిరోజులో, కొద్ది వారాలో కాల్షియము తగ్గుతుంది. వారిలో ఎక్కువమందికి సొమ్మసిల్లిన గ్రంథులు తేరుకుంటాయి. శాశ్వతముగా మిగిలిపోయేది, అనుభవము గల చేతులలో, నూటికి ఒకరి నుండి ముగ్గురు వరకు. సగము గ్రంథి మాత్రమే తీసినవారికి ఈ భయము చాలా తక్కువ. క్యాన్సరు కోసము మెడలోని బిళ్ళలు కూడా తీసినవారికి, రెండవసారి ఆపరేషన్ అయినవారికి, ముందునుండీ విటమిన్ డి తక్కువగా వున్నవారికి ఎక్కువ. మన దేశములో ఇంత ఎండ కాస్తున్నా విటమిన్ డి లోటు చాలామందిలో వున్నది. ఇంటి నాలుగు గోడల మధ్య వుండే ఆడవారికే కాదు, ప్రొద్దుట నుండి రాత్రి దాకా దుకాణములో కూర్చునే మగవారికీ అంతే. కనుక ఆపరేషన్‌కు ముందే కాల్షియము, విటమిన్ డి పరీక్షలు చేయించమని అడగండి. లోటు వుంటే ముందే సరిచేయవచ్చును.

ఇది విని ఎవరూ ఆపరేషన్‌కు భయపడి మానుకోవద్దు. అవసరమైన ఆపరేషన్ మానుకొనుట ఇంతకంటె పెద్ద ప్రమాదము. తెలిసివుంటే ఇది చక్కబడే జబ్బు. ఇంటివారు గుర్తుంచుకోవలసిన సంగతులు చెబుతాను.

మొదటిది. కాల్షియము బాగా పడిపోయేది సాధారణముగా రెండవ రోజు నుండి నాల్గవ రోజు లోపల. అంటే చాలామంది అప్పటికి ఇంటికి వచ్చేసి వుంటారు. చూసుకోవలసినది ఇంటివారే. పెదవుల చుట్టూ గాని, వేళ్ళ చివర గాని చీమలు పాకినట్టు వున్నదని రోగి చెబితే నమ్మండి. అది ఆమెకు తప్ప మరెవరికీ కనబడదు. వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోను చేయండి. చేతులు కొంకర్లు పోయినా, ఊపిరి కష్టమైనా, ఫిట్స్ వచ్చినా ఒక్క నిముషము ఆగక పెద్ద ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. మెడ ఉబ్బి ఊపిరి ఆడకపోతే అది లోపల రక్తము కారడము కావచ్చు, అదీ అత్యవసరమే. గుమ్మములో అడుగు పెట్టగానే మొదటి మాటగా "గొంతు ఆపరేషన్ అయింది" అని చెప్పండి. డిశ్చార్జి కాగితము చూపించండి.

దువా చేయండి, తప్పక చేయండి. కాని దారిలో చేయండి. దువా చేసే నోటిని ఏ డాక్టరూ ఆపడు, దువా పేరు మీద ఆలస్యము మాత్రము చేయకండి.

రెండవది. వీధి చివర సూది వేయించకండి. కాల్షియము ఇంజెక్షను తొందరగా ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది. నరము బయటికి కారితే అక్కడి చర్మము, కండ దెబ్బతింటాయి. అది ఆస్పత్రిలో, గుండెను గమనిస్తూ, నెమ్మదిగా ఇవ్వవలసిన మందు.

మూడవది. చీటీలో వ్రాసిన కాల్షియము మాత్రలు, వాటితోపాటు వ్రాసిన కాల్సిట్రయాల్ అనే విటమిన్ డి మందు సత్తువ కోసము కాదు. ఆ గ్రంథులు చేయవలసిన పనిని కొంతకాలము ఈ మాత్రలు చేస్తాయి. పాయా షోర్బా రుచికి, ఓపికకు మంచిదే. కాని ఎముకలు ఉడికించిన నీళ్ళలోకి దిగే కాల్షియము బహు తక్కువ. పాలు, రాగులు, నువ్వులు మంచివే, తినండి. అయితే హార్మోను లేనప్పుడు తిండి ఒక్కటే చాలదు. అందుకే మాత్ర.

మాత్ర వేసుకొనుటలో ఒక కిటుకు వున్నది. థైరాయిడ్ మాత్ర ప్రొద్దున్నే పరగడుపున వేసుకుంటారు. కాల్షియమును దానితో కలిపి వేసుకుంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు. రెండింటికి మధ్య నాలుగు గంటలు ఎడము వుండాలి. మామూలుగా ఇచ్చే కాల్షియము కార్బొనేట్ మాత్ర అన్నము తిన్న తరువాత వేసుకుంటే బాగా పడుతుంది. బాగున్నాము గదా అని మీరే ఆపకూడదు. తిమ్మిరి వస్తున్నదని మీరే లెక్కలేకుండా పెంచకూడదు. ఎక్కువైతే మూత్రపిండాలలో రాళ్ళు వస్తాయి. రక్తపరీక్ష చూసి డాక్టరే తగ్గిస్తారు. వాంతులు, విరేచనాలు అయినా, గర్భము వచ్చినా, బిడ్డకు పాలు ఇస్తున్నా డాక్టరుకు చెప్పండి, మోతాదు మార్చవలసి రావచ్చును. శాశ్వతముగా తగ్గినవారు మందు మానివేస్తే, ఏళ్ళ తరబడిలో కళ్ళలో శుక్లాలు కూడా వస్తాయి.

నాల్గవది రమజాన్ గురించి. ఇది నన్ను చాలామంది అడుగుతారు. రోజులో మూడు నాలుగు సార్లు కాల్షియము వేసుకోవలసినవారు పగలంతా ఆపితే కాల్షియము పడిపోతుంది. ఆపరేషన్ అయిన తొలి నెలలలో రోజా పట్టుటకు ప్రయత్నించవద్దని నా సలహా. రోగికి రోజా విషయములో సడలింపు ఇచ్చినది డాక్టరు కాదు, అల్లాహ్‌యే. ఖురాన్‌లో, సూరె బఖరాలో ఆ సంగతి వున్నది. తరువాత ఆరోగ్యము కుదుటపడినాక ఆ రోజులు పూర్తిచేసుకోవచ్చును. ఏళ్ళ తరబడి స్థిరముగా వున్న కొందరికి సహరీ, ఇఫ్తారు వేళలకు మాత్రలు సర్దే వీలుండవచ్చు. అది నెల మొదలు కావడానికి చాలా ముందే డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసిన విషయము. మనసులో దాచుకొని, ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపి రోజా పట్టకండి.

ఇంకొక సంగతి. కాల్సిట్రయాల్ సాధారణముగా మెత్తని గుళికలలో వస్తుంది. ఆ గుళిక తొడుగు జెలటిన్‌తో చేసినది. అది ఏ జంతువుదో అనే సందేహముతో ఒక పెద్దమనిషి మూడు వారాలు మందు ఆపి, చేతులు కొంకర్లు పోయి నా దగ్గరకు వచ్చాడు. సందేహము తప్పు కాదు. నిజమైన ముసల్మాను అడిగే ప్రశ్నే అది. కాని ప్రశ్నను ప్రశ్నగా అడగాలి. డాక్టరును అడిగితే వేరే రూపములో దొరికే మందు చూస్తాడు. తెలిసిన ఆలిమును అడిగితే ప్రాణావసరములో షరియత్ ఏమి అనుమతిస్తుందో చెబుతారు. ఈ ఇద్దరినీ అడిగేదాకా మందు ఆపకండి.

ఇప్పుడు మన సొసైటీకి నా మనవి. మన సంఘము పేద రోగులకు ఆపరేషన్ ఖర్చులలో సహాయము చేస్తున్నది, అల్లాహ్ కబూలు చేయుగాక. అయితే ఆపరేషన్ బిల్లు చెల్లించుటతో మన పని అయిపోయిందని ఫైలు మూసివేస్తున్నాము. ఆ సోదరి ప్రాణము మీదికి వచ్చినది ఆపరేషన్ ఖర్చు దగ్గర కాదు. ఆ ఖర్చులో చిన్న వంతు కూడా కాని మాత్రల దగ్గర. ఇకమీద గొంతు ఆపరేషన్‌కు సహాయము చేసినప్పుడు, తరువాతి ఆరు నెలల మాత్రలకు, రక్తపరీక్షలకు కూడా డబ్బు ప్రక్కకు పెట్టండి. అర్హులైన పేదలకు జకాత్ నిధి నుండి ఇవ్వవచ్చునేమో పెద్దలు ఆలిములతో సంప్రదించండి.

రెండవ మనవి. నేను ఈనాడు చెప్పినదంతా ఒకే కాగితము మీద తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ఇస్తాను. అచ్చు వేయించి ఆస్పత్రులలో పంచండి.

మూడవ మనవి మన మహిళా విభాగము వారికి. మన సహాయముతో ఆపరేషన్ అయిన సోదరి ఇంటికి మూడవ రోజున ఒకరు వెళ్ళండి. పండ్లు తీసుకొని వెళ్ళకపోయినా ఫరవాలేదు. మూడు ప్రశ్నలు అడిగి రండి. పెదవులు తిమ్మిరిగా వున్నాయా? వేళ్ళు తిమ్మిరిగా వున్నాయా? కాల్షియము మాత్రలు కొన్నారా? ఆ మూడవ ప్రశ్న ఆనాడు ఎవరైనా అడిగి వుంటే, ఆ ఇంటివారికి ఆ రాత్రి వచ్చేదే కాదు.

ఆ సోదరికి రెండు నెలలకు గ్రంథులు తేరుకున్నాయి. మాత్రలు ఒక్కొక్కటిగా తగ్గించి చివరకు థైరాయిడ్ మాత్ర ఒక్కటే మిగిలింది. నా సంగతి చెప్పాలంటే, ఆనాటి నుండి నేను మందుల చీటీలో కాల్షియమును మొదటి వరుసలో వ్రాస్తున్నాను. రోగికీ, వెంట వచ్చినవారికీ కూర్చోబెట్టి ఎందుకో చెబుతున్నాను. ఏ రోగి అయినా పెదవుల దగ్గర ఏదోలా వున్నది అంటే, చేతిలో ఎంత పని వున్నా ఆగుతున్నాను.

మీరూ ఆగండి. మంచము మీది మనిషి చెప్పే చిన్న మాట వినండి. అంతే నేను కోరేది.  అల్లాహ్ మన రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక, ఆమీన్.